బడిలో ఇంకో వెలివాడ

బడి గేటు దాటితే అందరూ సమానమే అంటారు. అది అబద్ధమని మన తాతలకు తెలుసు, మన అయ్యలకు తెలుసు. గోనెపట్టా ఇంటి నుంచి మోసుకొచ్చి తరగతిలో విడిగా కూర్చున్న అంబేడ్కర్‌కు తెలుసు. ఆయన నీళ్ళ పంపు ముట్టకూడదు. ప్యూను వచ్చి తిప్పితే దప్పిక తీరింది. ప్యూను రాని రోజున ఎండిన నాలుకతోనే ఇంటికి పోయాడు.

ఇవాళ మన ఊళ్ళ బళ్ళలోనే ఇంకో పిల్లోడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు ముట్టడు. ఎవరూ వద్దని కాదు. నీళ్ళు తాగితే ఒంటేలుకు పోవాలి. మగపిల్లల దొడ్డికి పోతే లాగు విప్పి చూస్తామంటారు. ఆడపిల్లల వైపు పోతే తంతారు. అందుకని దప్పిక దిగమింగి కూర్చుంటాడు. వాడి తప్పేంటి? నడక ఆడపిల్లలా ఉంది. గొంతు సన్నగా ఉంది. అంతే.

ఎవరీ పిల్లలు? మగపిల్లాడని రిజిస్టర్లో రాయించినా తాను ఆడపిల్లనేనని మనసుకు తెలిసిన బిడ్డ. ఆడపిల్లని రాయించినా తాను మగవాడినేనని తెలిసిన బిడ్డ. వీళ్ళని ట్రాన్స్‌జెండర్లు అంటున్నారు. తోటి మగపిల్లాడి మీద మనసుపడే పిల్లోడు గే. తోటి ఆడపిల్ల మీద మనసుపడే పిల్ల లెస్బియన్. ఇద్దరి వైపూ మనసు పోయేవాళ్ళు బైసెక్సువల్. మాటలు కొత్తవే, మనుషులు కొత్తకాదు. బడి మాత్రం వీళ్ళకు పాత పేర్లే పెట్టింది. కొజ్జా, మాడా, ఆడంగి, తేడాగాడు! పిల్లలు తిడతారు, సారు నవ్వుతాడు. కులం పేరుతో తిట్లు తిన్న మనకు తిట్టు అంటే ఏమిటో ఎవడూ పాఠం చెప్పక్కర్లేదు. తిట్టు నోటి తీట కాదు. నీ చోటు ఇదీ అని గీత గీసే కర్ర.

మన సంఘాల్లోనే కొందరు అంటున్నారు: "ఇవన్నీ బలిసినోళ్ళ గోలలన్నా, పట్నం జబ్బులు. మన పిల్లలకు ముందు కూడు, పుస్తకం, హాస్టల్లో దుప్పటి కావాలి. ఇవి తర్వాత చూద్దాం."

లెక్కలు చూద్దాం రండి. 2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాక 'ఇతరులు' అని రాయించుకున్నవాళ్ళు 4 లక్షల 87 వేల 803 మంది. అందులో మూడింట రెండు వంతుల మంది పల్లెల్లోనే ఉన్నారు. షెడ్యూల్డు కులాల వాళ్ళే 78 వేల 811 మంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43 వేల 769 మంది. ఆరేళ్ళలోపు పిల్లలే దేశం మొత్తం మీద దాదాపు 55 వేల మంది. ఇక భయంతో రాయించుకోనివాళ్ళు ఎంతమందో! పట్నం జబ్బు అంటున్న అన్నలారా, ఆ 78 వేల మంది ఏ వాడల నుంచి వచ్చారు? మన వాడల నుంచి కాదా?

కూడు ముందా, గౌరవం ముందా అని మనల్ని అడిగినవాళ్ళు ఇదివరకూ ఉన్నారు. 1985లో కారంచేడులో మంచినీళ్ళ చెరువును పాడుచెయ్యొద్దన్నందుకు మాదిగ పల్లె మీద పడి చంపారు. ఒక్క మాటే కదా, ఊరుకోవాల్సింది అని ఆరోజు అన్నవాళ్ళు లేరా? ఊరుకోలేదు కాబట్టే ఉద్యమం పుట్టింది.

జాతరలో శివసత్తుగా వస్తే కాళ్ళు మొక్కుతారు. దీవెన అడుగుతారు. అదే మనిషి చిన్నప్పుడు పలకా పట్టుకుని బడికొస్తే తరిమికొడతారు. మన ఆడబిడ్డను జోగినిని చేసి దేవుడి పేరు పెట్టి ఊరికి అప్పజెప్పిన నీతే ఇది. మొక్కడానికి దేవత, బతకడానికి వెలి. ఈ మనువు లెక్క మనకు తెలియనిదా?

తమిళనాడులోని తూత్తుకుడి ప్రాంతపు గ్రేస్ బాను మన బిడ్డ. దళితురాలు, ట్రాన్స్ మహిళ. చిన్నప్పుడు బడిలో తనను అందరికంటే ఆలస్యంగా రమ్మన్నారనీ, అందరికంటే ముందే పొమ్మన్నారనీ, తోటి పిల్లలతో కలవనియ్యలేదనీ ఆమే చెప్పింది. అది కులం కొట్టిన దెబ్బ. ట్రాన్స్ అయినందుకు లోకం ఇంకో దెబ్బ కొట్టింది. అయినా నిలబడి తమిళనాడులో ఇంజనీరింగు సీటు తెచ్చుకున్న తొలి ట్రాన్స్ విద్యార్థి అయింది. చెప్పండి, ఆమెలో ఏ సగం కోసం మనం కొట్లాడాలి? ఏ సగాన్ని గేటు బయట వదిలెయ్యాలి?

దొరల బిడ్డకు బడిలో కష్టమొస్తే ఇంకో బడి ఉంది, డాక్టరు ఉన్నాడు, అమెరికా ఉంది. మన బిడ్డకు ఇంకో బడి లేదు. హాస్టల్లో ఇద్దరు ఆడపిల్లలు రాసుకున్న ఉత్తరం దొరికిందనుకోండి. వార్డెను తల్లిదండ్రుల్ని పిలిపిస్తుంది, అందరి ముందూ చదువుతుంది, టీసీ చేతిలో పెడుతుంది. పదిహేనేళ్ళకు పెళ్ళి, పదహారేళ్ళకు పత్తి చేను. ఒక్క ఉత్తరంతో చదువు ఖతం.

"వీళ్ళని రానిస్తే మిగతా పిల్లలు చెడిపోతారు" అంటారు ఇంకొందరు. ఈ మాట ఎక్కడిదో తెలుసా? నిజాం రాజ్యంలో 1919 నాటి చట్టం ఒకటుంది. హిజ్రాల పేర్లు రిజిస్టర్లో ఎక్కించాలి. ఆడబట్టల్లో బజార్లో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. పదహారేళ్ళలోపు మగపిల్లాడు వాళ్ళింట్లో ఉంటే జైలు. ఇది తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టేసేదాకా పుస్తకాల్లో ఉంది. అంతకుముందు 1871లో తెల్లదొర చేసిన నేరస్థ జాతుల చట్టంలోనూ ఒక భాగం హిజ్రాల మీదే. తర్వాత మన ఎరుకలోళ్ళను పుట్టుదొంగలన్నది ఆ చట్టం పేరుతోనే. పుట్టుకనే నేరం చేసిన కలం ఒక్కటే. ఆ కలం రాతను మన నోటితో చదువుదామా?

కాగితం మీద హక్కులు లేవా? ఉన్నాయి. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను గుర్తించి చదువుల్లో రిజర్వేషన్ ఇమ్మంది. 2018లో 377 సెక్షన్ నుంచి ఇష్టపడ్డ పెద్దల స్వలింగ ప్రేమను తప్పించింది. 2019 చట్టం 13వ సెక్షన్లో బడులు వివక్ష లేకుండా ట్రాన్స్‌జెండర్లకు చదువు చెప్పాలని రాశారు. 2021లో ఎన్‌సీఈఆర్‌టీ ఈ పిల్లల గురించి టీచర్ల కోసం ఒక పుస్తకం తయారుచేసి వెబ్‌సైటులో పెట్టింది. బాలల హక్కుల కమిషన్ అభ్యంతరం చెప్పగానే కొద్దిరోజుల్లోనే తీసేసింది. బాలల హక్కులు కాపాడాల్సినవాళ్ళ నిర్వాకం అది!

రిజర్వేషన్‌లోనూ మెలిక ఉంది. 2014 తీర్పు ట్రాన్స్‌జెండర్లను వెనుకబడిన తరగతుల్లో చూడమంది. మరి మాల ట్రాన్స్ బిడ్డ, లంబాడా ట్రాన్స్ బిడ్డ తన ఎస్సీ, ఎస్టీ కోటా ఒదులుకోవాలా? కులం పోయిందా ఆమెకు? అందుకే గ్రేస్ బాను లాంటివాళ్ళు ప్రతి కోటా లోపలా విడిగా వాటా అడుగుతున్నారు. కర్ణాటక 2021లో సర్కారు ఉద్యోగాల్లో ఒక శాతం అట్లా ఇచ్చింది. ఆ అడుగు మన అడుగు కావాలి.

అంబేడ్కర్ ఇవి పట్టించుకోలేదు కదా అనేవాళ్ళకు ఒక మాట. 1934లో ఆర్.డి. కర్వే మరాఠీ పత్రిక 'సమాజ్ స్వాస్థ్య' మీద అశ్లీలమని కేసు పెట్టారు. పాఠకులు లైంగిక విషయాల మీద అడిగిన ప్రశ్నలకు జవాబులు అచ్చువేయడమే నేరం. బొంబాయి హైకోర్టులో కర్వే తరఫున నిలబడిన లాయరు ఎవరు? బాబాసాహెబే. కేసు ఓడిపోయింది. ఆయన మాత్రం పక్కకు తప్పుకోలేదు.

సంఘం కార్యకర్తలారా, ఇక బడికి పోదాం. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. ఆ కుర్చీల్లో కూర్చుని అడుగుదాం:

ఒకటి, లోపల గడియ పడే మరుగుదొడ్డి ఒక్కటైనా ఏ బిడ్డయినా భయం లేకుండా వాడుకునేట్టు ఉండాలి.

రెండు, తిట్టిన పిల్లలకు బుద్ధి చెప్పాలి, నవ్విన సారు జవాబు చెప్పాలి. పిల్లల్ని కొట్టడం, మనసు నొప్పించడం 17వ సెక్షన్ కింద నిషేధం.

మూడు, ప్రేమ ఉత్తరం దొరికిందనో, నడక బాగాలేదనో ఏ పిల్లకూ టీసీ ఇవ్వకూడదు. గురుకులాల్లో, ఎస్సీ హాస్టళ్ళలో వార్డెన్లకు శిక్షణ ఇవ్వాలి.

నాలుగు, పిల్ల గుట్టు పిల్లదే. ఆమె ఒప్పుకోకుండా ఇంట్లో చెప్పకూడదు. చెప్పిన రాత్రే ప్రాణం మీదికి వచ్చే ఇళ్ళున్నాయి.

అయిదోది బడికి కాదు, మనకు. మన వాడలో, మన మీటింగులో, మన పాటలో 'కొజ్జా' అనే తిట్టు వినపడకూడదు. చేతకాని నాయకుణ్ణి తిట్టడానికి గాజులు తొడుక్కోమనే మాట కూడా మానాలి.

కుండ దగ్గరికి రానివ్వని బడిని మనం బద్దలు కొట్టాం. దప్పికను దాచుకునే బిడ్డ ఇంకా ఆ బడిలోనే ఉంది. ఆ బిడ్డ కడుపునిండా నీళ్ళు తాగి, భయం లేకుండా దొడ్డికి పోయి, వచ్చి ముందు బెంచీలో కూర్చోవాలి. అప్పటిదాకా బడిలో అంటరానితనం పోయిందని ఎవరన్నా నమ్మకండి.

జై భీమ్!