కుట్టుమిషన్ ఇస్తే సరిపోతుందా?

కల్వకుర్తి ప్రాంతంలో గొర్రెల కాపరికి ఒకనాడు వానకూ చలికీ గొంగడే రక్షణ. దక్కనీ గొర్రె ఉన్ని, దాన్ని వడికిన చేతులు, నేసిన కురుమల మగ్గం, అన్నీ ఈ నేలవే. నేడు కాపరి భుజాన ప్లాస్టిక్ కవరు, బడిపిల్లల వీపున ఎక్కడో కుట్టిన సంచి.

విదేశీ సరుకును నిందించి ప్రయోజనం లేదు. చైనాలో బట్ట, జిప్పు, బకిల్ తయారుచేసే కర్మాగారాలు పక్కపక్కనే ఉంటాయి. లక్షల సంఖ్యలో కుడతారు కనుక ధర తగ్గుతుంది. ఆ ధరతో మన దర్జీ పోటీపడలేడు. అయితే కొద్ది సంఖ్యలో, అడిగిన కొలతకు, త్వరగా కావలసిన చోట, చిరిగితే మరమ్మతు అవసరమైన చోట స్థానిక పనికే మొగ్గు.

మైనారిటీల ఆర్థిక సంస్థ మన మహిళలకు కుట్టుమిషన్లు ఇవ్వడం హర్షణీయమే. కానీ జాకెట్లు కుట్టే మిషన్ కాన్వాసు మందాన్ని తట్టుకోదు. సంచులకూ రెయిన్‌కోట్లకూ డేరాలకూ పారిశ్రామిక మిషన్, తగిన శిక్షణ, అన్నిటికన్నా ముఖ్యంగా ఆర్డర్లు కావాలి.

తెలంగాణలో 200కు పైగా మైనారిటీ గురుకులాలున్నాయి. వాటి పిల్లలకు కావలసిన సంచులలో కొంత భాగాన్ని, నాణ్యత షరతుతో, స్థానిక మహిళా సంఘాలకు కేటాయించాలి. ఇది దయ కాదు, ప్రజల సొమ్ములో న్యాయమైన వాటా. కుట్టు నాసిగా ఉంటే సంచిని తిప్పి పంపండి. కుట్టే అవకాశమే ఇవ్వకపోవడం మాత్రం అన్యాయం.