బుతిడాంగ్ అడుగుతున్న న్యాయం

మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో మయు నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం బుతిడాంగ్. అక్కడా, చుట్టుపట్ల పల్లెల్లోనూ తరతరాలుగా నివసిస్తున్న రోహింగ్యా ముస్లిములను 1982 నాటి పౌరసత్వ చట్టం సొంతగడ్డ మీదే పరాయివారిని చేసింది. 2017 ఆగస్టులో మొదలైన సైనిక దమనకాండకు తాళలేక ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు తరలిపోయారు.

మిగిలినవారికీ నెమ్మది దక్కలేదు. పౌరులుగా గుర్తించని సైన్యమే 2024లో వారి యువకులను బలవంతంగా యుద్ధంలోకి దింపింది. దానితో వారు అరకాన్ ఆర్మీ కంటికి శత్రువులయ్యారు. ఆ మే నెలలో పట్టణం అరకాన్ ఆర్మీ వశమైన రోజుల్లోనే రోహింగ్యాల ఇళ్లు అగ్నికి ఆహుతయ్యాయి. వారిని రక్షించాలని అంతర్జాతీయ న్యాయస్థానం 2020 జనవరిలోనే ఇచ్చిన మధ్యంతర ఆదేశాలు వారిని కాపాడలేకపోయాయి.

హైదరాబాద్‌లోని బాలాపూర్ ప్రాంతంలోనూ రోహింగ్యా కుటుంబాలు తలదాచుకుంటున్నాయి. శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదన్నది నిజమే. అయినా మన రాజ్యాంగంలోని 21వ అధికరణం జీవించే హక్కును పౌరులకే పరిమితం చేయలేదు. కాబట్టి తగలబడిన ఊళ్లకు వీరిని బలవంతంగా తిప్పి పంపరాదని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. పౌరసత్వం, ప్రాణరక్షణ లభించిననాడే స్వదేశాగమనం అన్న మాటకు అర్థం ఉంటుంది. అంతవరకు వీరి పిల్లల చదువుకు, రోగుల వైద్యానికి అండగా నిలవడం మనందరి బాధ్యత.