డిష్ తీసేశాక

అమెరికాలో కేబుల్, మామూలు చానెళ్లు రెండూ కలిసినా స్ట్రీమింగ్‌దే పైచేయి అని 2025 మేలో, టీవీ చూసే తీరును కొలిచే నీల్సన్ సంస్థ లెక్క తేల్చింది; టీవీ చూసే సమయంలో స్ట్రీమింగ్ వాటా 44.8 శాతం. ఇక్కడి మన తెలుగిళ్లలో చిక్కు వేరు. ఆహా, సన్ నెక్స్ట్, ఈటీవీ విన్, జీ5... కేబుల్ బిల్లు తప్పిందనుకుంటే చిల్లర బిల్లులన్నీ కలిసి మళ్లీ అంతే అవుతున్నాయి. అన్నీ ఒకేసారి కట్టక్కర్లేదు. నెలకొకటి తీసుకుని, చూడాల్సినవి చూసి ఆపేయండి. ఆఫర్ ఉందని ఏడాది చందాకు తొందరపడొద్దు.

ఆర్నెల్లకని ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల సంగతి మాత్రం వేరు. వాళ్లకు కావాల్సింది పొద్దున్నే వార్తలు, రాత్రి సీరియల్, టీవీ పెట్టగానే. తెర మీద పాస్‌వర్డ్ అడిగితే, రిమోట్ ఒళ్లో పెట్టుకుని కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా కూర్చున్న నాన్నను చూశాం. అలాంటి ఇంట్లో ముందు తీసుకోవాల్సింది యప్ టీవీ, స్లింగ్ లాంటి వాటిలో దొరికే తెలుగు లైవ్ చానెళ్ల ప్యాకే.