రేవు వస్తుందంటే సంతోషమే, కానీ...

ధరణికోట అంటే మనలో చాలామందికి అమరావతి వెళ్తుంటే బస్సు కిటికీలోంచి కనిపించే ఊరే. అమరేశ్వరుడి దర్శనం, కృష్ణలో స్నానం, స్తూపం దగ్గర పిల్లలతో ఒక ఫోటో, సాయంత్రానికి ఇంటికి. ఆ పక్క ఊరు ఒకప్పుడు రేవు పట్నమని చెబితే మా అమ్మాయి నమ్మలేదు. "సముద్రం ఏదమ్మా?" అంది.

సముద్రం లేదు కానీ రేవు ఉండేది. 1962 నుంచి మూడేళ్లపాటు పురావస్తు శాఖవారు అక్కడ తవ్వితే, కృష్ణలోంచి పడవలు లోపలికి రావడానికి వీలుగా ఉన్న కాలువా, దాని గట్టున సరుకు దించే కట్టడమూ బయటపడ్డాయి. ముందు కర్రతోనూ, తర్వాత ఇటుకతోనూ కట్టుకున్నారట. శాతవాహనుల నాటి ధాన్యకటకం అదే. రేవు ఉన్నచోట డబ్బు ఆడుతుంది కదా! ఆ డబ్బులో కొంత పక్కనే మహాస్తూపమైంది. దానికి రాళ్లు ఇచ్చినవాళ్లలో రాజులకంటే మామూలు జనమే ఎక్కువ కనిపిస్తారు. విధికుడనే తోలు పనివాడు తల్లి, భార్య, కూతుళ్లతో సహా ఇచ్చిన పలక ఒకటుంది. భిక్షుణులు, గృహిణులు తమ పేరు మీదే ఇచ్చినవి ఎన్నో. రెండు వేల ఏళ్ల క్రితం రేవు పక్కన బతికిన ఆడవాళ్ల పేర్లు రాతి మీద చెక్కి ఉన్నాయన్నమాట. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇప్పుడు కృష్ణలో మళ్లీ సరుకు పడవలు నడపాలన్న ఆలోచన ఉంది. 2008లో ఈ నదిని 4వ జాతీయ జలమార్గంలో చేర్చారు. 2017 అక్టోబరులో ముక్త్యాల నుంచి విజయవాడ దాకా 82 కిలోమీటర్ల పనికి శంకుస్థాపన కూడా చేశారు. ధరణికోట ఆ దారిలోనే ఉంది. పని అనుకున్నంత వేగంగా సాగలేదు గానీ, ఆలోచన ఉందంటే ఏదో ఒకనాడు కదులుతుంది. కింద మచిలీపట్నంలో పోర్టుకు 2023 మేలో పునాది పడింది. ధరణికోటకు దిగువన, అవతలి ఒడ్డున కొండపల్లిలో చమురు కంపెనీల ట్యాంకులు, సిలిండర్లు నింపే కేంద్రం ఎప్పటినుంచో ఉన్నాయి. రేవు, చమురు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. రావద్దని నేననను. మన పిల్లలకు ఉద్యోగాలు కావాలి, పొయ్యిలో కట్టెలు ఊదుకుంటూ కూర్చునే రోజులు మళ్లీ ఎవరికీ వద్దు.

కానీ కొండపల్లికి గ్యాసు మోసిన ఒక గొట్టం సంగతి చెప్పుకోవాలి. కోనసీమలోని తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గెయిల్ వాళ్ల పైపులైను ఉండేది. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో అది పగిలింది. గ్యాసు ఇళ్ల మధ్య కమ్ముకుంది. పొయ్యిలు వెలిగించే వేళ. 20 మందికి పైగా కాలిపోయారు, అందులో పసిపిల్లలూ ఉన్నారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. నీరు, చమురు కలిసిన తడి గ్యాసు పోయి పోయి గొట్టం లోపల తినేసిందని తర్వాత తేల్చారు. అంతకు ముందే లీకు గురించి చెప్పామని ఊరివాళ్లు మొత్తుకున్నారు. దానికి 19 ఏళ్ల ముందు, 1995 జనవరిలో, ఆ సీమలోనే పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. కోనసీమవాళ్లకు ఈ భయం కొత్త కాదు.

మన సిలిండర్లో గ్యాసుకు ఆ ఘాటు వాసన దానంతటది రాదు. లీకైతే తెలియాలని మందు కలుపుతారు. దూరాలు పోయే పెద్ద పైపుల్లో సాధారణంగా అలా కలపరు. కాబట్టి "వాసన రాలేదు, ఫరవాలేదు" అనుకోవడానికి లేదు. బుసబుసమని చప్పుడు వచ్చినా, నేలమీద గడ్డి ఒక్కచోటే చచ్చిపోతున్నా, తడినేలలో బుడగలు వస్తున్నా అనుమానించాలి. అప్పుడు అగ్గిపుల్ల గీయకూడదు, లైటు స్విచ్చి ముట్టుకోకూడదు. గాలి ఎటునుంచి వస్తోందో అటు నడిచి దూరం పోవాలి. పైపు వెళ్లే దారిలో పాతిన బోర్డుల మీద ఫోన్ నెంబరు ఉంటుంది. ఆ నెంబరు రాసి ఉండాల్సింది మగవాళ్ల జేబులో కాదు, మన వంటింటి గోడ మీద. పగలల్లా ఇంటిపట్టున ఉండేది ఎవరంటారు?

ఇక డబ్బు సంగతి. మా పెద్దవదిన కోనసీమలో ఉంటుంది. (ఊరి పేరెందుకులెండి.) వాళ్ల పెరట్లోంచి పైపు పోయింది. కొలతకు వచ్చినవాళ్లకు కాఫీలు ఇచ్చింది ఆవిడే, కొట్టేసిన చెట్లు లెక్కపెట్టుకుంది ఆవిడే. చెక్కు మాత్రం అన్నయ్య పేరున వచ్చింది. ఎంత వచ్చిందో ఆవిడకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది, అదీ పాసుబుక్కు దొరికితే. "పుట్టింటి నుంచి తెచ్చి నాటిన మొక్కలమ్మా అవి" అని మాత్రం అంది.

పైపు కోసం భూమి ఇవ్వడమంటే అమ్మేయడం కాదు. 1962 నాటి చట్టం ప్రకారం భూమి మనదే, గొట్టం వేసుకునే హక్కు మాత్రం వాళ్లు తీసుకుంటారు. దానికి ఇచ్చేది ఆ భూమి మార్కెట్ విలువలో 10 శాతం. పంటకూ, చెట్లకూ జరిగిన నష్టం వేరు. కానీ ఆ మేర ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. 10 శాతం తీసుకుని తరతరాలకు ఒప్పుకునే మాట ఇది! ఇంటి పెద్ద ఒక్కడూ సంతకం పెట్టేసేది కాదు.

రేవుకో రోడ్డుకో భూమినే పూర్తిగా తీసుకుంటే 2013 చట్టం వర్తిస్తుంది. అందులో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. వితంతువుల్ని, విడాకులు తీసుకున్నవాళ్లని, ఇంటివాళ్లు వదిలేసిన ఆడవాళ్లని వేరే కుటుంబంగా లెక్కకట్టాలి. అంటే అన్నదమ్ముల పంచన ఉంటున్న ఆడపడుచుకూ పునరావాసంలో సొంతంగా అడిగే హక్కుంది. ఈ సంగతి ఆవిడకు చెప్పేవాళ్లే ఉండరు.

గ్రామసభ పెడితే మనం వెనక నిలబడి, చంటిపిల్లల్ని సముదాయించుకుంటూ వచ్చేస్తాం. ఎకరానికి ఎంత, మావాడికి ఉద్యోగం ఇస్తారా అని మగవాళ్లు అడుగుతారు. అడగాల్సిందే. గొట్టంలో పోయేది ఏమిటి, ఎన్నాళ్లకోసారి చూస్తారు, రాత్రి ఏదైనా అయితే కట్టేసే వాల్వు ఎంత దూరంలో ఉంది, పడవలు ఆగే చోట చమురు ఒలికితే బట్టలుతికే రేవు, తాగే నీళ్ల బావి ఏమవుతాయి, డబ్బు భార్యాభర్తలిద్దరి ఖాతాలో వేస్తారా అని అడగాల్సింది మనం. ధరణికోటలోనూ, దానికి పైనా కిందా ఒడ్డున ఉన్న ఊళ్లలోనూ డ్వాక్రా సంఘం లేని వీధి ఉండదు. పొదుపు లెక్క తేల్చుకునే రోజున ఒక అరగంట ఇది మాట్లాడుకోవచ్చు.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. పైపు వద్దనో, దారి మార్చమనో అభ్యంతరం చెప్పుకోవడానికి ఆ 1962 చట్టం ఇచ్చిన గడువు 21 రోజులు. అది గెజిట్‌లో అచ్చయిన రోజు నుంచి మొదలవుతుంది, కబురు మన గుమ్మం దాకా వచ్చిన రోజు నుంచి కాదు.