ఒకరి ఉద్యోగమా, అందరి శుక్రవారమా?

హెచ్ఆర్ నుంచి ‘క్విక్ కాల్’ అని మెసేజ్ వస్తే చాలు, గుండె జారిపోయే రోజులివి. ఐదుగురి టీమ్‌లో ఒకరు వెళ్లాలంటారు. ఎవరో అందరికీ తెలుసు. చాలాసార్లు మొన్నమొన్న చేరిన పిల్లో, పిల్లాడో.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 1978 నుంచీ దీనికి ఇంకో దారి ఉంది. పేరు వర్క్ షేరింగ్. ఒకరిని తీసేసే బదులు ఐదుగురికీ వారంలో ఒక రోజు పని తగ్గిస్తారు. కంపెనీకి జీతాల్లో మిగిలేది దాదాపు అంతే. ఉద్యోగుల జేబుకి పడ్డ చిల్లుని నిరుద్యోగ బీమా కొంత పూడుస్తుంది.

లెక్క చూడండి. వారానికి 1,000 డాలర్లు వచ్చే మనిషికి ఒక రోజు తగ్గితే 200 పోతాయి. పూర్తిగా ఉద్యోగం పోతే అక్కడిచ్చే భృతి వారానికి 450 డాలర్లు. అదే గరిష్ఠం. పని ఐదో వంతు తగ్గింది కాబట్టి భృతిలోనూ ఐదో వంతు, అంటే 90 ఇస్తారు. మొత్తం 890. పన్నుల సంగతి పక్కన పెడదాం. 110 డాలర్ల నష్టం నొప్పే. కానీ ఐదో మనిషి 450తో ఇంటద్దె ఎలా కట్టాలా అని కూర్చోనక్కర్లేదు.

జర్మనీలో ఇలాంటిదే ఒకటుంది, కుర్ట్స్‌ఆర్బైట్ అని. పోయిన నికర జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం ఇస్తారు. కరోనా టైమ్‌లో, 2020 ఏప్రిల్‌లో దాదాపు 60 లక్షల మంది దానిమీదే ఉన్నారు.

మెలిక ఎక్కడంటే, కాలిఫోర్నియాలో దరఖాస్తు పెట్టాల్సింది కంపెనీ. ఉద్యోగి ఎంత మొత్తుకున్నా లాభం లేదు. పైగా సీనియర్లు ‘నా జీతం ఎందుకు కొయ్యాలి?’ అంటారు. అందులోనూ న్యాయం లేకపోలేదు. వ్యాపారం మళ్లీ లేచే అవకాశమే లేకపోతే మాత్రం ఇది ఉత్త వాయిదా.

మరి మన దగ్గర? తమాషా ఏంటంటే, 2025 దాకా అమల్లో ఉన్న మన 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో ‘లేఆఫ్’ అంటే ఉద్యోగం పీకేయడం కాదు, తాత్కాలికంగా పని ఇవ్వలేకపోవడం! ఏడాది సర్వీసున్న కార్మికుడికి ఆ రోజులకి మూలవేతనం, డీఏలో సగం ఇవ్వాలని అందులో రాశారు. 50 మంది కన్నా తక్కువున్న ఫ్యాక్టరీకి అది వర్తించేది కాదు. ఇవ్వాల్సింది కూడా యజమానే, బీమా నిధి కాదు. ఈఎస్ఐ వాళ్ల నిరుద్యోగ భృతి ఉంది గానీ, అది ఉద్యోగం పోయాకే. అందరికీ ఒక్కో రోజు తగ్గించి ఒకరి సీటు కాపాడిన కంపెనీకి, ఆ ఉద్యోగులకి ఇక్కడ సర్కారు నుంచి వచ్చేది సున్నా.