మృత్యువును మోసగించు పేర్లు

పుట్టిన బిడ్డలు వరుసగా దక్కకపోయిన ఇంట మరల కాన్పు జరిగినప్పుడు మన పల్లెలలో ఒక తంతు నడిచెడిది. మంత్రసాని బొడ్డు కోసి, పసికందును చేటలో పండుకొనబెట్టి, పెరటి వెనుకనున్న పెంటకుప్పమీద దింపును. ముందుగనే చెప్పియుంచిన పొరుగింటి ఇల్లాలు అటుగా వచ్చి, ఎవరో పారవేసిన బిడ్డ దొరికినదని ఎత్తుకొనును. తల్లి ఆమెకు చేరెడు తవుడో దోసెడు నూకలో ఇచ్చి ఆ బిడ్డను కొనుక్కొనును. అంతటితో ఆ బిడ్డ కన్న బిడ్డ కాక కొన్న బిడ్డ యయ్యెను. కుప్పమీద దొరికినవాడు పెంటయ్య, తవుడు పోసి కొన్నవాడు తవిటయ్య, ఎంగిలి విస్తళ్లలో పొరలించి తీసినవాడు పుల్లయ్య, బిచ్చమెత్తిన గింజలతో పెరిగినవాడు భిక్షమయ్య.

ఈ పేర్లు విని నవ్వువారు కలరు. నాకు నవ్వు రాదు. ఇట్టి పేరు గల మనుజుని వెనుక, పేరైనను పెట్టకముందే మట్టిలో కలిసిన అన్నలో అక్కలో ఉన్నారు. వారిని కన్న తల్లి ఉన్నది. నలుగురి యెదుట 'ఓరి పెంటడా' అని పిలిచి, చీకటి పడి తలుపు మూసినపిదప అదే బిడ్డను గుండెకు హత్తుకొని 'నా బంగారు కొండా' అని చెవిలో చెప్పుకొన్న తల్లి దుఃఖము నూటికి నూరుపాళ్లు సత్యము. ఆ దుఃఖమునకు ఆమె చేతికిచ్చిన మందు మాత్రము అసత్యము. ఈ రెంటిని వేరుచేసి చూడవలెను. దుఃఖము సత్యమైనంత మాత్రమున మందు సత్యము కానేరదు.

ఆ మందులోని తర్కమును కొంచెము విప్పి చూతము. మృత్యువు మేలైన వస్తువును ఏరి కొనిపోవుననియు, పాడు వస్తువును చూచి మొగము త్రిప్పుకొనుననియు ఇందు మొదటి నమ్మకము. నుదుట వ్రాసిన వ్రాత చెరుగదనియు, ఆయువు తీరినవానిని బ్రహ్మయు నిలుపజాలడనియు ఆ ఇంటిలోనే, ఆ నోటితోనే చెప్పు రెండవ నమ్మకము. వ్రాత చెరుగనిదైనచో తవుడెందుకు? చేరెడు తవుడుతో చెరుగునదైనచో అది వ్రాత ఎట్లగును?

ఆ మొదటి నమ్మకము మనదొక్కటియే కాదు. చైనా పల్లెలలో బిడ్డను 'గౌషెంగ్', అనగా కుక్క తినగా మిగిలినవాడు, అని పిలిచిరి. మంగోలియాలో 'ఎనెబిష్' అన్న 'ఇది కాదు' అని, 'ఖున్‌బిష్' అన్న 'మనిషి కాదు' అని, 'నెర్గుయ్' అన్న 'పేరు లేదు' అని అర్థము. వెదకికొనుచు వచ్చిన దుష్టశక్తి ఆ పిలుపు విని తాను వెదకునది ఇది కాదనుకొని మరలిపోవునట. ఉత్తరహిందూస్థానమున మగబిడ్డకు ముక్కు కుట్టి, నత్తు పెట్టి, ఆడపిల్లవలె పెంచి 'నత్థూ' అని పిలిచిరి.

నైజీరియా దేశమున యొరుబా జాతివారి పేర్లు మరింత హృదయవిదారకములు. చచ్చి మరల మరల అదే తల్లి కడుపున పుట్టు బిడ్డను వారు 'అబికు' అందురు. చచ్చుటకే పుట్టినదని అర్థము. అట్టి బిడ్డకు 'మాలోమో' అని పేరిడుదురు: ఇంక పోవలదని బ్రతిమాలుట. 'దురోజాయె' అన్న నిలిచి బ్రతుకును అనుభవింపుమని. 'కొసొకొ' అన్న పార లేదని. అనగా గొయ్యి త్రవ్వుటకు మాయింట పనిముట్టు లేదు, కావున నీవు చావరాదని. 19వ శతాబ్దమున లాగోసును ఏలిన యొక రాజు పేరు కొసొకొయే. పార లేదని బిడ్డకు చెప్పుకొన్న తల్లిదండ్రులు ఎన్నిమారులు పార పట్టిరో ఊహింపుడు. ఒకే కడుపున పలువురు బిడ్డలు పోవుటకు కారణము దేహమున దాగిన రోగము కావచ్చునని, ముఖ్యముగా ఆ దేశమున విస్తారముగా నున్న సికిల్‌సెల్ వ్యాధి కావచ్చునని పిదపవచ్చిన వైద్యులు చెప్పిరి. నెత్తుటిలోని హిమోగ్లోబిన్ అణువు మారుటయే ఆ వ్యాధికి మూలమని లైనస్ పౌలింగును ఆయన సహచరులును 1949లో నిరూపించిరి. ఆ అణువునకు పేర్లు వినబడవు.

ఇన్ని దేశములవారు నమ్మినారు గనుక ఇందేదో సత్యముండునని కొందరందురు. ఇన్ని దేశములలోను బిడ్డలు చచ్చిరి. ఏ దేశమునందును కారణము తెలియలేదు. ఈ పోలికవలన తేలునది ఇంతమాత్రమే.

మన పెంటకుప్ప సంగతి ఇంకను ఘోరము. పశువుల పేడయందును పేడ కలిసిన మట్టియందును ధనుర్వాతమును కలిగించు క్రిమిబీజములు నివసించును. అవి ఎండకు వానకు చావవు. అప్పుడే కోసిన బొడ్డు వానికి తెరచిన వాకిలి. వారము తిరుగులోపల బిడ్డ పాలు పట్టజాలక, దవడలు బిగిసి, విల్లువలె వంగి ప్రాణము విడుచును. బొడ్డుకు పేడ బూడిద రాచుటయు, తుప్పుపట్టిన కొడవలితో దానిని కోయుటయు చేయు నాటి పురిటిగదిలో ఎందరు శిశువులు ఇట్లు పోయిరో లెక్కలేదు. పోయిన బిడ్డలకై ఏడ్చిన తల్లి, మిగిలిన బిడ్డను కాపాడుకొనుటకై ఆ విషపుకుప్పమీదనే పండుకొనబెట్టినది! తెలిసి చేసిన తప్పు కాదు. ఆమెను నిందించుట పాపము. ఆ తంతును మన పూర్వుల విజ్ఞానమని నేడు పొగడు చదువరులు మాత్రము నిందార్హులు.

కొడవలిపోయి శుభ్రమైన బ్లేడు వచ్చినది; గర్భిణికి ధనుర్వాతపు టీకా వచ్చినది. 2015లో మన దేశమున ప్రసూతి, నవజాత శిశువుల ధనుర్వాతము నిర్మూలనస్థాయికి వచ్చినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువీకరించినది. 1971లో పుట్టిన ప్రతి వేయిమందిలో 129 మంది ఏడాది నిండకుండ పోయిన దేశమున, 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగినది. పెంటయ్యలు తగ్గినందున చావులు పెరుగలేదు. చావులు తగ్గినందున పెంటయ్యలు తగ్గిరి.

హీనమైన పేరు ప్రేమవలన పుట్టినది కొంత, తిరస్కారమువలన పుట్టినది కొంత. శూద్రుని పేరు జుగుప్సితముగా ఉండవలెనని మనుస్మృతి శాసించినది. నక్షత్రముల పేర్లు, చెట్ల పేర్లు, నదుల పేర్లు గల కన్యలను వరింపరాదనియు చెప్పినది. రోహిణి, తులసి, గోదావరి అను పేర్లు గల మన తల్లులు, అక్కచెల్లెండ్రు ఈ రెండవ శాసనమును ఏనాడో త్రోసిపుచ్చి చల్లగా కాపురములు చేసిరి. మొదటి శాసనపు గాయము మానుటకు ఇంకను కాలము పట్టుచున్నది. తిరస్కారము ఆడపిల్లను కూడ విడువలేదు. మహారాష్ట్రలోని సతారా జిల్లాలో కొడుకు కావలెనని కోరి కూతురిని కన్నవారు ఆ పిల్లకు 'నకూశా', అనగా 'అక్కరలేనిది', అని పేరు పెట్టిరి. 2011లో అట్టి 285 మంది బాలికలకు అధికారులు సభచేసి క్రొత్తపేర్లు ఇచ్చిరి. తన పేరు తాను వ్రాసుకొను ప్రతిసారియు 'నేను అక్కరలేనిదానను' అని పలకమీద వ్రాసిన పిల్ల మనస్సును ఒక్క నిమిషము తలచుకొనుడు.

అట్లయిన పేరునకు శక్తి యున్నట్లే కదా యని అడుగవచ్చును. ఉన్నది, అది అక్షరములది కాదు, మనుష్యులది. ఘానాలోని అకాన్ ప్రజలు పుట్టిన వారమునుబట్టి పేరు పెట్టుదురు. శుక్రవారము పుట్టినవాడు కోఫీ, శనివారము పుట్టినవాడు క్వామే. సోమవారపు క్వాద్వో నెమ్మదియైనవాడనియు, బుధవారపు క్వాకు కలహప్రియుడనియు వారి నమ్మిక. గుస్తావ్ యహోడా అను మనశ్శాస్త్రజ్ఞుడు ఘానాలోని అశాంటీ ప్రాంతపు బాలనేరస్థుల పట్టికలు పరిశీలించి 1954లో ప్రకటించిన వ్యాసమున, దౌర్జన్యపు నేరములలో బుధవారపు బాలురు పాలుకు మించి కనబడిరని తెలిపినాడు. చూచుటకు జ్యోతిషమునకు ఇది సాక్ష్యమువలె నుండును. ఆయన చెప్పిన కారణము వేరు: వీడు కొట్లాటగాడగునని ఊరంతయు ఊయలనాటినుండి ఎదురుచూచినచో, వాడు ఆ ఎదురుచూపునకు తగినట్లే తయారగును.

శబ్దమునకు తనంతట శక్తి లేదని మనవారే ఏనాడో తేల్చిరి. అర్థము శబ్దమున సహజముగా అంటియున్నచో 'అన్నము' అన్నంతనే నోరు నిండవలెను, 'అగ్ని' అన్నంతనే కాలవలెను, 'కత్తి' అన్నంతనే తెగవలెను. అట్లు జరుగుట లేదు గనుక పేరు కేవలము సంకేతమని న్యాయసూత్రకారుని వాదము. బౌద్ధజాతకములలో పాపకుడను శిష్యుడు మంచి పేరు వెదకికొనుచు తక్షశిలనుండి బయలుదేరి, జీవకుడనువాని శవమును, ధనపాలి యను దరిద్రురాలిని, పంథకుడను దారితప్పినవానిని చూచి, తన పేరే చాలునని తిరిగివచ్చిన కథ యున్నది. మనకు 'సిరి' సంపద. స్వీడను దేశపు ఆడపిల్ల 'సిరి' పేరున ఉన్నది విజయము. శబ్దమొక్కటే, అర్థములు మాత్రము రెండు.

బిడ్డ పేరునకు మొదటి అక్షరము చెప్పు పంచాంగము సంగతియు చూడుడు. ఇరువదియేడు నక్షత్రములకు నాలుగేసి పాదములు, పాదమునకొక అక్షరము, వెరసి 108. ఆర్ద్ర మూడవ పాదమునకు 'ఙ', హస్త మూడవ పాదమునకు 'ణ'. ఈ అక్షరములతో మొదలగు మాట తెలుగున లేదు, సంస్కృతమున పేరు లేదు. ఆ పాదమున పుట్టిన బిడ్డకు పురోహితుడు ప్రక్క అక్షరము నిచ్చి సర్దును. సర్దుబాటు చెల్లునదైనచో ఆ నియమమెవరికొరకు? సంఖ్యాశాస్త్రజ్ఞులు మరియొక మెట్టు దిగి, తెలుగుబిడ్డ భాగ్యమును ఇంగ్లీషు అక్షరముల కూడికలో చూచి, ఒక 'ఏ' కలిపిన ఉద్యోగము, ఒక 'హెచ్' తీసిన పెండ్లి యని రుసుము గుంజుచున్నారు. ఆ భాషలోనే 'ఐ', 'జె' అను అక్షరములు వేరై కొన్ని శతాబ్దములు మాత్రమే యైనది.

నాస్తికుడైన గోరా 1930లో, ఉప్పు సత్యాగ్రహపు సంవత్సరమున, పుట్టిన కుమారునికి లవణం అని పేరిడెను. మరియొక కుమారునికి సమరం అని పెట్టెను. నక్షత్రమును అడుగలేదు. వారిద్దరును ప్రజలకు పనికివచ్చినవారే.

పళ్లెములో బియ్యము పోసి ఉంగరముతో బిడ్డ పేరు వ్రాయబోవు తల్లిదండ్రులారా, మీ నోటికి ఇంపైన పేరు, రేపు బిడ్డ తలయెత్తి చెప్పుకొనగల పేరు వ్రాయుడు. ఆ దినముననే గోడమీది క్యాలెండరులో ఆరవ వారము, పదవ వారము, పదునాల్గవ వారము గుర్తు పెట్టుకొనుడు. అవి టీకాలు వేయించు దినములు.