‘రాత్రి మాత్ర’ని ‘రాతి మాత’ చేసేదెవరు?

యాప్ తయారీలో ఒక చిన్న పని ఉంటాది. డిజైనరు గీసిన ఫైలు తెరవాలి. ఏ రంగు, ఏ ఫాంటు, ఎంత సైజు అనీసి ఒక్కొక్కటీ నొక్కి చూడాలి. చూసింది కోడ్‌లోకి ఎక్కించాలి. టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో బీటెక్ చదివి హైదరాబాద్ బస్సెక్కిన మన పిల్లలకి మొదట్లో ఇలాటి పనే చేతికిస్తారు. ఇప్పుడా పని ఏఐ ఏజెంట్ చేతికి పోతున్నాది. మనకేటిలే అని ఊరుకుంటే రెండు నష్టాలు. ఒకటి కూటి నష్టం, రెండోది మాట నష్టం.

ముందు ఇది ఎలగ పని చేస్తాదో చూద్దాం. ఇల్లు కట్టేముందు ప్లాను గీసినట్టే, యాప్ కట్టేముందు తెరలన్నీ బొమ్మ గీస్తారు. దానికి ఎక్కువమంది వాడేది ఫిగ్మా. 2022లో అడోబీ కంపెనీ దాన్ని 2,000 కోట్ల డాలర్లకి కొంటానంది. 2023 డిసెంబర్‌లో ఆ బేరం వదులుకుంది. బొమ్మలు గీసుకునే పరికరానికి అంత ధరెందుకు? ఎందుకంటే ప్రపంచంలో చాలా యాప్‌ల ముఖం అక్కడే తయారవుతున్నాది.

ఆ ఫైల్లో ‘స్టైల్’ అని ఒకటుంటాది. పలాస జీడిపప్పు గ్రేడు లాంటిదే అనుకోండి. డబ్ల్యూ-320 అంటే పౌనుకి 300 నుంచి 320 తూగే తెల్ల నిండు పప్పు. కాశీబుగ్గలో చెప్పినా ముంబైలో విన్నా అర్థం ఒకటే. అలగే ‘పెద్ద శీర్షిక’ అని ఒక స్టైల్‌కి పేరు పెడితే దాని ఫాంటు, సైజు, మందం, వరస ఎత్తు అన్నీ ఆ పేరులోనే ఉంటాయి. రంగులకీ అంతే.

ఇన్నాళ్లూ ఏఐకి తెర ఫొటో ఇచ్చి కోడ్ రాయమంటే రంగుని అంచనా కట్టీసేది, సైజుని ఊహించీసేది. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ కంపెనీ ఎంసీపీ అనే పద్ధతిని అందరికీ తెరిచి పెట్టింది. ఏజెంట్ బయట పరికరాల్ని ఎలగ అడగాలి, అవెలగ జవాబివ్వాలి అన్న ఒప్పందం అది. 2025 జూన్‌లో ఫిగ్మా తన సొంత ఎంసీపీ సర్వర్‌ని పరీక్ష దశలో విడుదల చేసింది. ఇప్పుడు ఏజెంట్ ఊహించక్కర్లేదు. ‘ఈ తెరలో ఏ స్టైల్స్ ఉన్నాయి?’ అని అడుగుతాది. పేర్లూ విలువలూ ఉన్నవున్నట్టు చేతికొస్తాయి.

ఉన్నవున్నట్టు. అసలు ముడి ఇక్కడే ఉన్నాది. ఫైల్లో తప్పుంటే తప్పే వస్తాది. తెలుగు లేకపోతే తెలుగు రాదు.

ఇంటర్, రోబోటో లాంటి ఫాంట్లు డిజైనర్లు బాగా వాడతారు. వాటిలో తెలుగు అక్షరాలే లేవు. స్టైల్‌లో ఆ పేరుంటే ఫోను తన దగ్గరున్న ఏదో ఒక తెలుగు ఫాంటు తెచ్చి పెడతాది. వరస ఎత్తు మాత్రం ఇంగ్లీషు కొలతే. ఇంగ్లీషు అక్షరం కింద వేలాడేది తక్కువ. మనకి పైన గుణింతం, కింద వొత్తు. చోటు చాలకపోతే ఆ వొత్తు తెగిపోతాది, లేదంటే కింది వరస మీద పడతాది.

దీన్లో ప్రాణం మీదకొచ్చే సంగతేటని అడగొచ్చు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని గడపలు తొక్కిందో మీకు నేను చెప్పక్కర్లేదు. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. రేపు కవిటిలోనో వజ్రపుకొత్తూరులోనో ఒక ముసలమ్మ మందుల యాప్ చూస్తున్నాదనుకోండి. ‘రాత్రి మాత్ర’ అని ఉండాల్సిన చోట రెండు ‘ర’ వొత్తులూ తెగితే ‘రాతి మాత’ అవుతాది. ‘కిడ్నీ’లో ‘న’ వొత్తు పోతే ‘కిడీ’. మనం నవ్వుకుంటాం. ఆవిడ మందు మానేస్తాది.

రంగు సంగతీ అంతే. తెల్ల నేల మీద లేత బూడిద అక్షరాలు ఏసీ గదిలో అందంగానే ఉంటాయి. మిట్టమధ్యాహ్నం ఒడ్డున నిలబడి తుపాను హెచ్చరిక చదవాల్సిన మత్స్యకారుడికి కనబడవు. అక్షరానికీ నేలకీ తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెప్తున్నాయి. ఫైల్లో ఆ లెక్క తప్పితే ఏజెంట్ ఆ తప్పునే వంద తెరలకి పంచిపెడతాది.

గిడుగు రామమూర్తి పంతులు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టినారు. జనం మాట్లాడే మాట పుస్తకంలో ఉండాలని బతుకంతా కొట్లాడినారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ‘గిడుగు’, ‘గురజాడ’ పేర్లతో గూగుల్ ఫాంట్స్‌లో ఉచిత తెలుగు ఫాంట్లు కూడా ఉన్నాయి. పేర్లున్నాయి సరే, యాప్‌ల ఫైళ్లలో వాటికి చోటేదీ? ఆనాడు తగువు పాఠ్యపుస్తకంలో. ఈనాడు స్టైల్స్ పట్టీలో.

కూటి సంగతికొద్దాం తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. చూసి ఎక్కించే పనికి ఇక విలువ తగ్గుతాది. ఆ పనే నేర్పి ‘ఉద్యోగం గ్యారంటీ’ అనే కోచింగులకి డబ్బు కట్టేముందు రెండుసార్లు ఆలోచించండి. విలువ పెరిగేది ఫైలు సరిగ్గా కట్టేవాడికీ, ఏజెంట్ తెచ్చినదాన్ని పరీక్షించేవాడికీ. తెలుగు తెర సరిగ్గా ఉన్నాదా లేదా అని ఒక్క చూపులో చెప్పగలిగేది మీరే. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘వెళ్లొద్దు’ లాంటి మాటలు పెట్టి చూడండి. అమ్మ పాత ఫోన్లో, ఎండలో చూడండి. ఫిగ్మా ఎంసీపీని పూర్తిగా వాడాలంటే డబ్బు కట్టాలి. నేర్చుకోడానికి పెన్‌పాట్ అనే ఓపెన్ సోర్స్ పరికరం ఉచితంగా దొరుకుతాది.

ప్రభుత్వాన్ని అడగాల్సిందీ ఉన్నాది. 2025 జనవరిలో ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలు మొదలయ్యాయి. ఆఫీసు కిటికీలు ఒక్కొక్కటీ ఫోన్లోకి మారుతున్నాయి. ప్రజల డబ్బుతో కట్టే ప్రతి యాప్ డిజైన్ ఫైల్లో తెలుగు స్టైల్స్ విడిగా ఉండాలని టెండరులోనే రాయాలి. ఆ స్టైల్స్‌ని అందరికీ ఉచితంగా పెట్టాలి. పలాసలోనో సోంపేటలోనో నలుగురు మామూలు జనం చేత చదివించి చూశాకే బిల్లు ఇవ్వాలి. ఇది పెద్ద ఖర్చు పని కాదు. అడిగేవాళ్లు లేకే ఆగిపోయింది.